పెదనాన్నగారి 340 వీడియో క్యాసెట్లను ఎలా వదిలించుకోవాలి?

ప్రశ్న

నమస్కారం. మా పెదనాన్నగారు గత ఏడాది కాలం చేశారు. ఆయన పాతికేళ్లపాటు పోగుచేసిన వీడియో క్యాసెట్లు ఒక గదిలో గోడ పొడవునా అరల్లో ఉన్నాయి. మొన్న కూర్చుని లెక్కపెడితే 340 తేలాయి. పెద్దమ్మ ఆ ఇల్లు వదిలి చిన్న ఇంటికి మారుతున్నారు; అందుకు రెండు నెలల గడువుంది. "మీకు పనికొచ్చేవి తీసుకోండి, మిగతావి ఏం చేస్తారో మీ ఇష్టం, నేను మాత్రం వాటిని మోసుకుపోలేను" అని ఆవిడ తేల్చి చెప్పారు. కాబట్టి ఉంచుకోవాలా వద్దా అన్న చర్చ మా ఇంట్లో ముగిసింది. ఎలా వదిలించుకోవాలన్నదే మిగిలింది.

వాటిలో ఇంచుమించు సగం దుకాణాల్లో కొన్న సినిమాలు. మిగతావి ఆయన టీవీ నుంచి స్వయంగా రికార్డు చేసుకున్నవి. కొన్నిటి మీద ఆయన చేతిరాతలో పేరూ తేదీ ఉన్నాయి, కొన్నిటి మీద ఒక పేరు కొట్టేసి కింద మరో పేరు రాసి ఉంది, ఓ ముప్పై క్యాసెట్ల మీద అసలేమీ లేదు. ఇంట్లో జరిగిన పెళ్లిళ్ల క్యాసెట్లు కూడా ఎక్కడో వీటిలో కలిసిపోయి ఉండాలని పెద్దమ్మ అంటున్నారు. కింది అరలో ఉన్న పది పన్నెండు క్యాసెట్ల డొప్ప మీది చిన్న కిటికీలోంచి చూస్తే, టేపు చుట్ట అంచుల మీద తెల్లని పొడిలాంటిది కనిపిస్తోంది. వాటిని నడిపే వీసీఆర్ యంత్రం ఒకటి ఉంది గానీ ఎన్నో ఏళ్లుగా దాన్ని ఎవరూ ఆన్ చేయలేదు.

గ్రంథాలయంలో అడిగితే వద్దన్నారు. పాత సామాను కొనేవారు చూసి, తల అడ్డంగా ఊపి వెళ్లిపోయారు. ఇంత ప్లాస్టిక్‌ను ఒక్కసారిగా మామూలు చెత్తలో వేయడం సబబేనా అన్నది నా సందేహం. ఇలాంటి పని చేసి బయటపడినవారు ఎవరైనా ఉంటే, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పగలరు.

జవాబు 1

మా ఇంట్లో ఇంతకన్నా చిన్న సేకరణను ఖాళీ చేయడానికి నాకు ఏడాది పట్టింది. అందులో పది నెలలు తప్పుడు పద్ధతిలో పోయాయి కాబట్టి, ముందు ఆ తప్పేమిటో చెబుతాను. అన్నిటినీ డిజిటల్‌లోకి మార్చి, ఆ తర్వాత పారేద్దామనుకున్నాను. మార్చడమనేది క్యాసెట్ నడిచినంతసేపూ జరిగే పని. వేగంగా తిప్పి నకలు తీసే దారి ఇంటి యంత్రాల్లో లేదు. మీ దగ్గర రికార్డు చేసినవి 170 అనుకుని, ఒక్కోటి మూడు గంటలనుకుంటే 510 గంటలవుతాయి. రోజుకు ఎనిమిది గంటలు వదలకుండా కూర్చున్నా మీ రెండు నెలల గడువు దాటిపోతుంది. తీరా మార్చాక ఆ 510 గంటలను చూసేదెవరు?

మీ గదిలో ఉన్నవి నిజానికి రెండు సేకరణలు. దుకాణంలో కొన్న సినిమా క్యాసెట్‌కు ప్రతులు వేలల్లో ఉంటాయి. అది పోతే ఆ సినిమా పోదు. ఇంట్లో రికార్డు చేసినదానికి ఇంకో ప్రతి ఉండకపోవచ్చు. కొన్నవాటిని ఈరోజే అరల్లోంచి దించి వేరే గదిలో పెట్టండి. వాటిని డిజిటల్‌లోకి మార్చాలన్న ఆలోచన కూడా వద్దు. 1980ల మధ్య నుంచి వచ్చిన సినిమా క్యాసెట్లలో చాలావాటికి నకలు తీయకుండా అడ్డుకునే మ్యాక్రోవిజన్ సంకేతం కలిపి ఉంటుంది. దానివల్ల నకలులో బొమ్మ ఒకసారి వెలుగుతూ ఒకసారి మసకబారుతూ ఉంటుంది, డిజిటల్‌లోకి ఎక్కించే క్యాప్చర్ పరికరాలు కొన్నయితే అసలు తీసుకోవు. హక్కుల సమస్య సరేసరి. పైగా వీహెచ్‌ఎస్‌లో, అంటే ఈ రకం క్యాసెట్‌లో, అడ్డంగా కనిపించే వివరం 240 గీతల దగ్గరే ఆగిపోతుంది. అదే సినిమా డిస్కు మీద ఇంతకన్నా బాగుంటుంది. డిస్కు మీదగానీ ఆన్‌లైన్‌లోగానీ ఎప్పుడూ రాని సినిమాలు ఒకటో రెండో ఉండవచ్చు. వాటిని మాత్రం పక్కకు తీస్తే, కోరి వెతుక్కునే సేకర్తలు దొరుకుతారు. క్యాసెట్లకు పెద్ద పెద్ద ధరలు అడుగుతున్న ప్రకటనలు మీ కంటబడవచ్చు. అవి అమ్మేవారు అడుగుతున్న ధరలే. నిజంగా ఎంతకు అమ్ముడుపోయిందో చూస్తే సంగతి తెలుస్తుంది.

ఇక రికార్డు చేసినవాటి విషయం. ఒక్కటి కూడా నడపకుండానే వీటి గురించి చాలా తెలుసుకోవచ్చు. క్యాసెట్ వెనక అంచున ఒక మూల చిన్న ప్లాస్టిక్ రేకు ఉంటుంది. అది విరిగి ఉంటే వీసీఆర్ ఆ క్యాసెట్ మీద కొత్తగా రికార్డు చేయదు. కొన్న సినిమాలు ఆ రేకు లేకుండానే వస్తాయి. ఇంట్లో రికార్డు చేసినదానికి ఆ రేకు లేదంటే, దాన్ని మీ పెదనాన్నగారే విరిచారన్నమాట. అంటే అది చెరిగిపోకూడదని ఆయన అనుకున్నారు. నా అనుభవంలో చేతిరాత చీటీ కన్నా ఈ విరిగిన రేకే నమ్మదగిన సాక్ష్యం. పేరు కొట్టేసి మళ్లీ రాసినవి పదేపదే వాడిన క్యాసెట్లు. అయితే అలాంటివాటిలో చివరి భాగాన్ని ఒకసారి చూడండి. మూడు గంటల క్యాసెట్ మీద రెండు గంటల సినిమాను కొత్తగా రికార్డు చేస్తే, అంతకుముందున్నదాని చివరి గంట అలాగే మిగిలిపోతుంది. మా చెల్లి చిన్నప్పటి దృశ్యాలు పదకొండు నిమిషాలు నాకు ఒక క్రికెట్ మ్యాచ్ వెనకే దొరికాయి.

వీసీఆర్‌ను మాత్రం పారేయకండి. ప్రపంచంలో చివరిదాకా వీసీఆర్‌లు తయారుచేస్తూ వచ్చిన జపాన్ సంస్థ ఫునాయ్ 2016 జూలైలో ఉత్పత్తి ఆపేసింది. అప్పటినుంచి ఉన్న యంత్రాలు తగ్గడమే తప్ప పెరగడం లేదు. ఇన్నేళ్లు పక్కన పడి ఉన్న యంత్రంలో మొదట మీకు అక్కర్లేని సినిమా క్యాసెట్ పెట్టి నడిపి చూడండి. లోపలి రబ్బరు భాగాలు గట్టిపడి ఉంటే అది టేపును నమిలేస్తుంది; ఆ నష్టమేదో అక్కర్లేనిదానికే జరగనివ్వండి.

జవాబు 2

చెత్త వేరుచేసే కేంద్రంలో కొంతకాలం పనిచేశాను కాబట్టి, పారేసే భాగం గురించి చెబుతాను.

క్యాసెట్‌ను ఎవరూ తీసుకోకపోవడానికి కారణం దాని కట్టుబడిలోనే ఉంది. పైడొప్ప ఒక రకం గట్టి ప్లాస్టిక్. లోపలి టేపు ఇంకో రకం, నీళ్ల సీసాలు చేసే పెట్ ప్లాస్టిక్ జాతిదే, కానీ దాని మీద ఐరన్ ఆక్సైడ్ పొడిని జిగురుతో పూసి ఉంటారు. వీటికి తోడు ఐదు మరలు, స్ప్రింగులు, ఉక్కు సూదులు ఉంటాయి. ఏ ఒక్కటీ విడిగా అమ్ముకునేంత బరువుండదు, విడదీయడానికి మనిషి చేతిపని కావాలి. పాత సామాను కొనేవారు తల ఊపి వెళ్లిపోయింది అందుకే.

రీసైక్లింగ్ డబ్బాలో మాత్రం దయచేసి వేయకండి. మూడు గంటల క్యాసెట్‌లో దాదాపు 258 మీటర్ల టేపు ఉంటుంది. మీ 340 క్యాసెట్లూ అలాంటివే అయితే ఆ గదిలో దాదాపు 88 కిలోమీటర్ల టేపు ఉన్నట్టు. వేరుచేసే యంత్రాల్లో డొప్ప పగలగానే ఆ టేపు తిరిగే ఇరుసులకు చుట్టుకుంటుంది. అప్పుడు మొత్తం వరుసను ఆపి, మనిషి లోపలికి దిగి కత్తితో కోసి తీయాలి. అలా కోసినవారిలో నేనూ ఒకణ్ణి.

చేయదగిన పని ఇది. కాగితపు అట్టలను కాగితంలో వేయండి. పుస్తకంలా తెరుచుకునే ప్లాస్టిక్ పెట్టెల మీద త్రికోణంలో 5 అంకె ఉంటే అది పాలీప్రొపిలీన్. దాన్ని చాలాచోట్ల తీసుకుంటారు. వీటిని వేరుచేస్తేనే మీ గుట్ట కంటికి కనిపించేంత తగ్గుతుంది. అసలు క్యాసెట్ల కోసం, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు సేకరించేవారిని ముందుగా ఫోన్ చేసి "వీడియో టేపులు తీసుకుంటారా, తీసుకుని ఏం చేస్తారు" అని రెండు ప్రశ్నలూ అడగండి. మొదటిదానికి అవునని, రెండోదానికి నీళ్లు నమిలితే, అవి మళ్లీ మామూలు చెత్తకే చేరతాయని అర్థం. ఎవరూ తీసుకోకపోతే టేపును బయటికి లాగకుండా, డొప్ప మూసి ఉండగానే మామూలు చెత్తలో వేయడమే మిగిలిన దారి. అందులో తప్పు చేసినట్టు భావించనక్కర్లేదు. అయితే ఒక్కోటీ అట్టతో కలిపి పావుకిలోకు అటూఇటూగా ఉంటుంది. మొత్తం 80 కిలోలు ఒకేరోజు పెడితే చెత్త తీసుకెళ్లేవారికి మోత తప్పదు కాబట్టి, కొన్ని వారాలకు సర్ది పెట్టండి. తగలబెట్టాలన్న ఆలోచన ఎవరైనా చెబితే వినకండి. ఆ పొగ పీల్చదగినది కాదు, మిగిలే ముద్ద మామూలు చెత్తకు కూడా పనికిరాదు.

జవాబు 3

ఇంత శ్రమ అవసరమా అనిపిస్తోంది. టేపును బయటికి లాగి తోటలోనో పొలంలోనో గుంజలకు కడితే గాలికి మోగుతూ పిట్టలను బెదిరిస్తుంది. మా వాళ్లు అలాగే వాడారు. ఇంటి క్యాసెట్లు బయటివాళ్ల చేతిలో పడతాయన్న బెంగ ఉంటే వాటి మీద ఒక అయస్కాంతం రుద్దితే సరిపోతుంది, అంతా చెరిగిపోతుంది.

జవాబు 4

పై సలహాలు రెండూ మనసుతో చెప్పినవే గానీ, రెండింటికీ ఇబ్బంది ఉంది. ఎండకూ గాలికీ టేపు పెళుసెక్కి ముక్కలై నేలలో కలుస్తుంది, పొడవుగా తెగి ఎగిరిన టేపు పక్షుల కాళ్లకూ పశువుల కాళ్లకూ చుట్టుకుంటుంది. కట్టినవారు పంట కాలం కాగానే తప్పకుండా విప్పి తీసేస్తే ఏమోగానీ, అలా తీసినవారిని నేను చూడలేదు.

అయస్కాంతం సంగతి. ఫ్రిజ్ తలుపుకు అంటించే అయస్కాంతంతో డొప్ప పైనుంచి రుద్దితే టేపు దాకా చేరే బలం బహు తక్కువ. బలమైన అయస్కాంతమైనా చుట్ట మొత్తాన్ని సమానంగా చెరపలేదు. అక్కడక్కడా బొమ్మ చెదిరి, మిగతాది చక్కగా కనిపిస్తూనే ఉంటుంది. పూర్తిగా చెరపడానికి ప్రత్యేకమైన విద్యుత్ పరికరం ఉంది. అది లేనివారు వీసీఆర్‌లో పెట్టి, ఏ సంకేతమూ రాకుండా చివరిదాకా ఖాళీగా రికార్డు చేయవచ్చు. విరిచిన రేకు ఉన్న చోట చిన్న అతుకుకాగితం అంటిస్తే యంత్రం మళ్లీ రికార్డు చేస్తుంది. కాకపోతే ఇదీ క్యాసెట్‌కు మూడు గంటల పనే.

ప్రశ్న అడిగినవారి స్పందన

అందరికీ కృతజ్ఞతలు. మూడు వారాల్లో ఎంతవరకు వచ్చామో చెప్పి, మిగిలిన రెండు సందేహాలు అడుగుతాను.

కొన్నవి 161 తేలాయి. వాటిలో ఎక్కడా దొరకని సినిమాలు నాలుగున్నాయి. వాటిని ఒక సేకర్త తీసుకున్నారు. పెట్టెలూ అట్టలూ వేరుచేశాక మిగతావి మూడు దఫాలుగా పంపించేశాం. ఫోన్‌లో ఆ రెండో ప్రశ్న అడిగినప్పుడు, ముగ్గురిలో ఇద్దరు నిజంగానే నీళ్లు నమిలారు.

తెల్లని పొడి, అంటే బూజు, ఉన్నవి 11. వాటిని విడిగా పెట్టాం. రికార్డు చేసిన మిగతా 168 క్యాసెట్లలో రేకు విరిగినవి 23 మాత్రమే ఉన్నాయి. ఆ 23 చూపిస్తే పెద్దమ్మ చీటీలు చదవకుండానే పద్దెనిమిదింటిని గుర్తుపట్టారు. ఒక్కోసారి చీటీలో రాసింది తప్పని కూడా చెప్పారు. నడిపి చూస్తే ఆవిడ మాటే నిజమైంది. వాటిలో పెళ్లిళ్ల క్యాసెట్లు నాలుగు. పేరు లేని ముప్పైనీ తలో రెండు నిమిషాల చొప్పున మొదట్లో, మధ్యలో, చివర్లో చూశాం. ఒకదాని చివర్లో పెదనాన్నగారి గొంతు వినిపించింది. ఆయన కెమెరా ఆపడం మరచిపోయి, దాన్ని ఎలా ఆపాలో ఎవరినో గట్టిగా అడుగుతున్నారు. దానితో కలిపి ఉంచుకోవలసినవి 24 అయ్యాయి.

మొదటి సందేహం: బూజు పట్టిన 11 లోనే పెద్దమ్మ చెల్లెలి పెళ్లి కూడా ఉంది. దాన్ని నడపవచ్చా? రెండోది: ఆయన ఏళ్ల తరబడి వార్తలు రికార్డు చేసిన క్యాసెట్లు 40 దాకా ఉన్నాయి. అన్నిటి మీదా తేదీలున్నాయి, ఒక్కదానికీ రేకు విరవలేదు. మాకు అక్కర్లేదు గానీ, పారేయవచ్చా అని ఆగాం.

జవాబు 5

ధ్వని, దృశ్య భాండాగారంలో పనిచేస్తున్నాను. రెండింటికీ వేర్వేరుగా చెబుతాను.

బూజు క్యాసెట్‌ను మీ వీసీఆర్‌లో పెట్టవద్దు. ఒక్కసారి కూడా వద్దు. వీసీఆర్ లోపల బొమ్మను చదివే హెడ్‌లు ఒక గుండ్రని డ్రమ్ము మీద ఉంటాయి. యంత్రాన్ని బట్టి అది నిమిషానికి 1500 సార్లో 1800 సార్లో తిరుగుతుంది, టేపు దాని చుట్టూ ఒరుసుకుంటూ పోతుంది. టేపు మీది బూజు ఆ హెడ్‌ల సందుల్లో ఇరుక్కుంటుంది, టేపును గీస్తుంది, ఆ తర్వాత మీరు పెట్టే ప్రతి మంచి క్యాసెట్‌కూ అంటుకుంటుంది. మీ 24 క్యాసెట్లను డిజిటల్‌లోకి మార్చడం పూర్తయ్యేవరకు ఈ పదకొండింటినీ సంచిలో మూసి, పొడిగా ఉండే వేరే గదిలో ఉంచండి. తెరవవలసివస్తే ముక్కుకు మాస్కు కట్టుకుని, ఆరుబయట తెరవండి. ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. పెళ్లి క్యాసెట్ ఒక్కదాన్ని బూజు టేపులు శుభ్రం చేసే పనివారికి ఇవ్వండి. వారు డొప్ప విప్పి, టేపును చుట్ట చుట్టగా తుడిచి, కొత్త డొప్పలోకి ఎక్కిస్తారు. ఖర్చవుతుంది గానీ, మీరు పదకొండింటికి కాదు, ఒక్కదానికే పెడుతున్నారు. మిగతా పదినీ సంచీ విప్పకుండా పారేయండి.

మంచి క్యాసెట్ల విషయంలోనూ జాప్యం వద్దు. నిలవ ఉంచిన తీరును బట్టి ఇలాంటి టేపు ఆయుష్షు 10 నుంచి 30 ఏళ్లని సాధారణంగా లెక్కవేస్తారు. గాలిలోని తేమకు పూత జిగురు మెత్తబడుతుంది. అంతకన్నా ముందు నడిపే యంత్రాలు కరువవుతున్నాయి. 2019లో యునెస్కో, ధ్వని దృశ్య భాండాగారాల అంతర్జాతీయ సంఘంతో కలిసి అయస్కాంత టేపుల మీద హెచ్చరిక కార్యక్రమం చేపట్టినప్పుడు, యంత్రాలు మామూలుగా దొరికే కాలం 2025 ప్రాంతానికి ముగుస్తుందన్నదే ముఖ్యమైన మాట. నడిపే ముందు ప్రతి క్యాసెట్‌నూ ఒకసారి చివరిదాకా ముందుకు తిప్పి, మళ్లీ వెనక్కి చుట్టండి. ఏళ్ల తరబడి అతుక్కుని ఉన్న చుట్ట వదులవుతుంది. మధ్యలో టేపు తెగితే మామూలు అతుకుకాగితం అంటించవద్దు, దాని బంక హెడ్‌లకు పడుతుంది.

ఇక వార్తలు. రేకు విరవలేదు కాబట్టి ఆయనకు అక్కర్లేదని మీరు అనుకుంటున్నారేమో గానీ, నేనైతే వాటిని పారేయనివ్వను. ప్రసార సంస్థలు తమ పాత కార్యక్రమాలన్నిటినీ దాచుకోలేదు. టేపు ఖరీదైన రోజుల్లో చెరిపి మళ్లీ వాడుకున్న సంస్థలు చాలా ఉన్నాయి. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో మేరియన్ స్టోక్స్ అనే ఆవిడ 1979 నుంచి 2012లో చనిపోయేవరకు ఇంట్లో టీవీ వార్తలను రాత్రింబవళ్లు రికార్డు చేశారు. అలా దాదాపు 70,000 క్యాసెట్లయ్యాయి. ఆమె కుటుంబం వాటిని ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే డిజిటల్ గ్రంథాలయానికి ఇచ్చింది. మీ నలభై ఆ లెక్కకు రావు, కానీ అడగకుండా పారేయదగినవీ కావు.

అడిగే పద్ధతి ఒకటుంది. "పాత క్యాసెట్లున్నాయి, తీసుకుంటారా" అని అడిగితే ఏ భాండాగారమైనా వద్దనే అంటుంది. మాకు వారంవారం అలాంటి ఫోన్లు వస్తాయి. తేదీ, ఛానెల్, నిడివి, క్యాసెట్ రకం, బూజు ఉందా లేదా అన్న ఐదు అంశాలతో ఒక జాబితా తయారుచేసి పంపండి. జాబితా ఉన్న నలభై క్యాసెట్లను చూడటానికి మేము సమయం కేటాయించగలం. తీసుకునేవారు కూడా అన్నీ తీసుకోకపోవచ్చు. ఏరుకున్నాక మిగిలినవాటిని వెనక్కి పంపాలా, పారేయాలా అన్నది అప్పుడే రాతపూర్వకంగా చెప్పండి. వెనక్కి వద్దనే రాయండి, లేకపోతే అవి మళ్లీ పెద్దమ్మగారి కొత్త ఇంటికి చేరతాయి.

ప్రశ్న అడిగినవారి స్పందన

జాబితా ఈ ఆదివారం మొదలుపెట్టాం. నేను తేదీలు చదువుతుంటే పెద్దమ్మ రాస్తున్నారు. వెనక్కి వద్దన్న మాట జాబితా పైనే రాయమని ఆవిడే చెప్పారు. వీసీఆర్ పనిచేస్తోంది, టేపు నమలలేదు.